హాలోవీన్ కిల్స్‌లో గుంపు: కథ దారి తప్పిందా, దారే అదా?

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. ‘హాలోవీన్ కిల్స్’లో ముసుగు హంతకుడు మైకేల్ మయర్స్‌తో సమానంగా ఊరి గుంపుకు అంత నిడివి ఎందుకు ఇచ్చారు? ఈ కథకు మొదటినుంచీ కేంద్రమైన లోరీ స్ట్రోడ్‌ను సినిమా అంతా ఆసుపత్రిలోనే ఉంచడం స్క్రీన్‌ప్లే లోపం కాదా? మూకహింస గురించి ఆ సినిమాకు నిజంగా చెప్పదలచినది ఉందా, లేక హత్యల మధ్య ఖాళీని నింపడానికి ఆ విషయాన్ని వాడుకుందా? భయానక చిత్రాల ఎడిటింగ్‌లో చాలాకాలం పనిచేసినవాడిని కాబట్టి, కథ కంటే కూర్పు వైపు నుంచే ఎక్కువగా మాట్లాడతాను. ముగింపుతో సహా అంతా చర్చకు వస్తుంది. సినిమా చూడనివారు చూసిన తరువాత చదవడం మంచిది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. గుంపుకు అంత చోటు ఇవ్వడం కావాలని చేసిన పని, సాహసమైన పని కూడా. గుంపు ఎలా పుడుతుందో ఈ సినిమాకు బాగా తెలుసు. గుంపు చేసిన పనికి ఎవరు జవాబు చెప్పాలో మాత్రం అది తేల్చలేకపోయింది. తేల్చలేకపోవడానికి కారణం దర్శకుడి అశ్రద్ధ అని నేను అనుకోను. చావని హంతకుడు ఉన్న కథలో ఆ లెక్క తేలడం చాలా కష్టం.

మొదట కాలక్రమం సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ సినిమాను 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం మీద జరిగిన దాడికి ప్రతిస్పందనగా చదివేవారు చాలామంది ఉన్నారు. డేవిడ్ గోర్డన్ గ్రీన్ దీనిని 2019 శరదృతువులో నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్ ప్రాంతంలో చిత్రీకరించాడు. 2020 అక్టోబరులో విడుదల కావలసిన చిత్రం కోవిడ్ వల్ల ఏడాది వాయిదా పడి, 2021 సెప్టెంబరులో వెనిస్ చిత్రోత్సవంలో మొదటిసారి ప్రదర్శితమై, అక్టోబరు 15న థియేటర్లలోనూ ఇంటి తెరమీదా ఒకే రోజు వచ్చింది. అంటే, తలుపులు బద్దలు కొడుతూ నినాదాలు చేసే ఆ జనాన్ని కెమెరా ముందు నిలబెట్టేనాటికి ఆ జనవరి ఘటన జరగనే లేదు. ప్రేక్షకులు తమ కాలాన్ని అందులో చూసుకోవడం సహజమే, కానీ దర్శకుడి ఉద్దేశాన్ని వెతకాలంటే ఇంకొంచెం వెనక్కి, ఈ చిత్రమాల సొంత చరిత్రలోకి వెళ్లాలి.

గుంపు ఈ కథలోకి కొత్తగా వచ్చినది కాదు. 1978 నాటి మొదటి చిత్రాన్ని వెంటనే కొనసాగిస్తూ 1981లో వచ్చిన రెండవ భాగంలోనే ఊరి జనం మయర్స్ పాత ఇంటి ముందు చేరి రాళ్లు విసురుతారు. అదే రాత్రి అలాంటి ముసుగే వేసుకున్న బెన్ ట్రేమర్ అనే కుర్రవాడిని హంతకుడని పొరబడి వెంటాడుతుండగా, పోలీసు వాహనం ఢీకొని అతడు మంటల్లో చనిపోతాడు. 1988లో వచ్చిన నాలుగవ భాగంలో బారులో కూర్చున్న మగవాళ్లు తుపాకులు పట్టుకుని ట్రక్కుల్లో బయలుదేరి, పొదల్లో కదిలిన సాటి ఊరివాడిని మయర్స్ అనుకుని కాల్చి చంపుతారు. ఆ రెండు చోట్లా పొరపాటు ఒక క్షణం కనిపించి కథ ముందుకు సాగిపోతుంది. 2018లో మొదలైన కొత్త వరుస 1978 చిత్రాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుని మిగిలిన భాగాలను పక్కనపెట్టింది. అయినా గ్రీన్, అతని సహరచయితలు డానీ మెక్‌బ్రైడ్, స్కాట్ టీమ్స్ ఆ పక్కనపెట్టిన భాగాల్లో ఒక్క క్షణం మెరిసి మాయమైన ఈ విషయాన్నే తీసుకుని దానికి సినిమాలో సగం ఇచ్చారు. లోరీ ఆసుపత్రిలో పడి ఉండటం కూడా 1981 భాగంలో ఉన్నదే. ఇది తెలిస్తే ‘దారి తప్పింది’ అనే మాట అంత సులువుగా నోటికి రాదు.

ఇక్కడ ఒక సాంకేతిక సమస్య ఉంది. ఒక హంతకుడు ఒక్కొక్కరినే వేటాడి చంపే స్లాషర్ తరహా చిత్రానికి ప్రాణం ఒంటరితనం. 1978 చిత్రంలో జాన్ కార్పెంటర్, ఛాయాగ్రాహకుడు డీన్ కండీ కలిసి వెడల్పాటి ఫ్రేమును ఎక్కువ భాగం ఖాళీగా వదిలేసి, ఆ ఖాళీలో ఒక మూల తెల్లటి ముఖాన్ని నిలబెట్టారు. పాత్రకు తెలియదు, మనకు తెలుసు. పాత్ర ఒంటరిగా ఉంది, మనం సాయం చేయలేం. ఆ సినిమా భయమంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. అందులో మయర్స్ చేసిన హత్యలు, చిన్ననాటి అక్క హత్యతో కలిపి, ఐదు మాత్రమే. ఇప్పుడు అదే హంతకుడి ఎదుట వందలమందిని నిలబెడితే ఏమవుతుంది? ఖాళీ నిండిపోతుంది. పక్కన మనిషి ఉన్నప్పుడు చీకటి సగం పలుచబడుతుంది. కాబట్టి గుంపును తెచ్చిన దర్శకుడు భయానికి వేరే చోటు వెతకాలి. గ్రీన్ వెతికిన చోటు ఆ గుంపే: జనంలో ఉండి కూడా ఒంటరి అయిపోయిన ఒక మనిషిని చూపించి, హంతకుడి స్థానంలో జనాన్ని నిలపడం. నిజం చెప్పాలంటే ఈ ఆలోచన చాలా మంచిది, ఆసుపత్రి ఘట్టంలో ఇది పూర్తిగా పండింది.

ఆ ఘట్టాన్ని నిదానంగా చూడమని నా సలహా. టామీ డాయిల్ 1978లో లోరీ కాపలా కాసిన చిన్నపిల్లవాడు. నలభై ఏళ్ల తరువాత అదే రాత్రి ఒక బారులో, తనలాగే బతికి బయటపడిన లిండ్సే, నర్సు మేరియన్, లానీలతో కూర్చుని పోయినవారిని తలచుకుంటాడు. అది ఏటేటా జరిగే ఒక స్మరణ. టీవీలో కొత్త హత్యల వార్త రాగానే ఆ స్మరణ సైన్యంలో చేరికగా మారిపోతుంది. ఇందులో టామీ ఎక్కడా దుర్మార్గుడు కాడు. తనను కాపాడిన ఆడపిల్ల రుణం తీర్చుకోవాలనుకునే మనిషి. పడుకునే ముందు తలుపు వెనక ఎవరో ఉన్నారని ఏడ్చిన పిల్లవాడు ఇంకా అతనిలో ఉన్నాడు. మూకకు నాయకత్వం వహించేవాడిని క్రూరుడిగా చూపించడం తేలిక. కృతజ్ఞత, దుఃఖం ఉన్నవాడిగా చూపించడం సరైనది.

ఫ్రెంచి రచయిత గుస్తావ్ లె బాన్ 1895లో ప్రచారంలోకి తెచ్చిన అభిప్రాయం ప్రకారం గుంపులో చేరిన మనిషి తన వివేకాన్ని కోల్పోయి, అంటువ్యాధిలా వ్యాపించే ఆవేశానికి లొంగిపోతాడు. సినిమాలు ఈనాటికీ ఎక్కువగా ఈ అభిప్రాయాన్నే నమ్ముకుంటాయి. దానిని కాదన్న పరిశోధకులలో స్టీఫెన్ రైచర్ ముఖ్యుడు. 1980లో బ్రిస్టల్‌లోని సెయింట్ పాల్స్ ప్రాంతంలో జరిగిన అల్లర్లను పరిశీలించి, ఆ గుంపు కనబడిన ప్రతిదాన్నీ ధ్వంసం చేయలేదనీ, ఎవరు తమవారు, ఎవరు కారు అన్న స్పష్టమైన భావనతో కదిలిందనీ అతను 1984లో చూపించాడు. అంటే గుంపులో మనిషి తనను తాను పోగొట్టుకోడు. ‘నేను’ స్థానంలో ‘మనం’ వచ్చి కూర్చుంటుంది. ఈ కథ జరిగే ఊరు హాడన్‌ఫీల్డ్ జనాన్ని ఈ కోణంలో చూస్తే ఆసుపత్రి దృశ్యాలు బాగా అర్థమవుతాయి. వాళ్లు వెర్రెత్తి ఎవరి మీద పడితే వారి మీద పడటం లేదు. తాము బాధితుల ఊరు, చట్టం తమను నలభై ఏళ్ల క్రితమూ ఇప్పుడూ కాపాడలేదు అన్న ఒక ‘మనం’ అక్కడ ఏర్పడింది. కీడు ఈ రాత్రి చస్తుంది అనే అర్థం ఇచ్చే ఆ చిన్న నినాదం చేసే పని అదే. దాన్ని పలికినవాడు లోపలివాడు, పలకనివాడు అడ్డు. షెరిఫ్ మాట ఎవరూ వినకపోవడానికి కారణం ఆవేశం ఒక్కటే కాదు, అతను ఆ ‘మనం’లో లేడు. అన్ని మార్లు వినిపించినందుకు ఆ నినాదం విడుదల తరువాత నవ్వులాటగా మారింది. థియేటరులో నాకూ విసుగు కలిగింది. కానీ గుంపు నినాదం విసుగు పుట్టించేలాగే ఉంటుంది. అది ఆలోచన కాదు, ఆలోచన రాకుండా చేసే చప్పుడు.

ఆ గుంపు చేతికి చిక్కినవాడు లాన్స్ టోవోలి. మయర్స్‌తోపాటు అదే మానసిక చికిత్సాలయం బస్సు నుంచి తప్పించుకున్న మరో రోగి. పొట్టివాడు, బలహీనుడు, గాయపడినవాడు, సాయం కోసమే ఆసుపత్రికి వచ్చినవాడు. తాడును చూసి పామనుకోవడం మనకు పాత మాటే, కానీ ఆ భ్రాంతి దీపం తెస్తే పోతుంది. ఇక్కడ దీపాల వెలుగులోనే, ఆసుపత్రి తెల్లటి కాంతిలోనే, అతని ముఖం అందరికీ కనబడుతూండగానే భ్రాంతి నిలిచి ఉంది. ఎందుకు నిలిచింది? ఆ ఊరికి హంతకుడి ముసుగు తెలుసు కానీ ముఖం తెలియదు. 1978 చిత్రంలో కూడా ఆ ముఖం కొన్ని క్షణాలు మాత్రమే కనిపిస్తుంది. ముఖం తెలియని శత్రువుకు ఏ ముఖమైనా సరిపోతుంది. ముసుగు వేసుకున్నవాడిని భయపెట్టేవాడిగా మలచిన చిత్రమాల, ముసుగు లేకపోవడమే ఒకడి చావుకు కారణమయ్యే చోటికి రావడం నాకు ఈ సినిమాలో అన్నిటికంటే నచ్చిన విషయం.

కూర్పు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హంతకుడు వెంటాడే సన్నివేశాల్లో మనం సాధారణంగా బాధితుడి కళ్లతో వెనక్కి చూస్తాం, మెల్లగా నడిచి వచ్చే ఆకారం ఒక్కటే కనబడుతుంది. ఆసుపత్రిలో అదే వ్యాకరణాన్ని వాడారు, వచ్చేది మాత్రం ఒక్క ఆకారం కాదు, నడవా నిండా మనుషులు. లోరీ కూతురు కేరెన్ అతను మయర్స్ కాడని గ్రహించి, తలుపు మూసి, అతన్ని ఊరడించబోతుంది. తలుపు అవతల దెబ్బల చప్పుడు పెరుగుతూ ఉంటుంది. లాన్స్ కిటికీ పగలగొట్టి దూకి చనిపోతాడు. దూకడానికి ముందు అతని ముఖం మీద నిలిచిన షాట్లలో ఉన్నది, 1978లో అలమరలో దాక్కున్న లోరీ ముఖంలో ఉన్న భయమే. నేల మీద అతని శరీరాన్ని కెమెరా దాచకుండా చూపిస్తుంది. సాధారణంగా ఈ తరహా చిత్రాల్లో అలాంటి దృశ్యం ప్రేక్షకుడికి ఒక వినోదం. ఇక్కడ థియేటరు నిశ్శబ్దమైపోతుంది, ఎందుకంటే కొద్ది నిమిషాల ముందు టామీ మాటలకు మనమూ లోలోపల తల ఊపాం. 1978లో కూతురు ఆనీని కోల్పోయిన మాజీ షెరిఫ్ బ్రాకెట్, ఇప్పుడు అదే ఆసుపత్రిలో కాపలాదారు. అతను కూడా ఆ గుంపులో నడిచినవాడే. మయర్స్ మనల్ని కూడా రాక్షసులుగా మారుస్తున్నాడన్న గుర్తింపు అతని నోటనే వస్తుంది.

సినిమా అక్కడ ముగిసి ఉంటే మీ మూడవ ప్రశ్నకు నేను ‘అవును, చెప్పింది’ అని రాసి ఊరుకునేవాడిని. కానీ కథ ఇంకా ఉంది, సమస్య అక్కడే మొదలవుతుంది.

ముందుగా ప్రారంభంలోని ఫ్లాష్‌బ్యాక్‌ను గుర్తుకు తెచ్చుకోండి. 1978 రాత్రి కుర్ర పోలీసు హాకిన్స్ మయర్స్‌ను కాల్చబోయి, గురి తప్పి, మయర్స్ పట్టుకున్న తన సహచరుడినే చంపుతాడు. ఆ తరువాత పట్టుబడిన మయర్స్‌ను అతనికి వైద్యం చేసిన డాక్టర్ లూమిస్ అక్కడికక్కడే చంపబోతే అడ్డుకుంటాడు. (ఆ లూమిస్‌ను కంప్యూటరుతో కాకుండా, నిర్మాణ బృందంలోనే పోలికలున్న మనిషికి మేకప్ వేసి తెచ్చారు, గత కాలాన్ని పునఃసృష్టించే పద్ధతుల్లో నాకు ఇదే ఇష్టం.) ఇప్పుడు ముసలివాడైన హాకిన్స్ ఆసుపత్రి మంచం మీద పశ్చాత్తాపపడేది ఆ అడ్డుకున్నందుకే. ఆలోచించండి: చట్టబద్ధం కాని ఒక హత్యను ఆపిన మనిషి నలభై ఏళ్లుగా కుమిలిపోతున్నాడు, ఆ రాత్రి ఆపకపోతే ఇన్ని ప్రాణాలు పోయేవి కావని సినిమా అతనితో ఏకీభవిస్తున్నట్టే కనబడుతుంది. మరోవైపు కొన్ని గదుల అవతల, విచారణ లేకుండా చంపబోవడం ఎంత ఘోరమో లాన్స్ చావు చెబుతోంది. ఈ రెండు వాదనలూ ఒకే కప్పు కింద ఉన్నాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. మాట్లాడుకునేలా చేసి ఉంటే ఇది గొప్ప సినిమా అయ్యేది.

క్లైమాక్స్ ఈ వైరుధ్యాన్ని ఇంకా పెంచుతుంది. లాన్స్‌ను కాపాడబోయిన కేరెన్, తన కూతురు ఆలిసన్‌ను చంపబోతున్న మయర్స్‌ను గడ్డి ఎత్తే ముళ్ల పారతో పొడిచి, ముసుగు లాక్కుని, దాన్ని ఎరగా చూపి అతన్ని వీధిలో కాచుకున్న గుంపు మధ్యకు తెస్తుంది. మూకను ఎదిరించిన ఒకే ఒక్క మనిషి చేత మూకను వాడించడం! తల్లిగా ఆమె ఆ స్థితికి రావడం నమ్మదగినదే, దాని మీద ఒక పూర్తి సినిమా తీయవచ్చు. ఇక్కడ మాత్రం అది కథను తరువాతి మెట్టు ఎక్కించే ఎత్తుగడగానే మిగిలిపోయింది. గుంపు కొడుతుంది, కాలుస్తుంది, పొడుస్తుంది. మయర్స్ పడిపోతాడు. మళ్లీ లేచి టామీని, బ్రాకెట్‌ను, మిగిలినవారిని ఒక్కొక్కరినే చంపుతాడు. ఆ దృశ్యాల మీద లోరీ మాటలు వినిపిస్తాయి: అతను రక్తమాంసాలున్న మనిషి అనుకున్నాను, కానీ చంపినకొద్దీ మరేదో అవుతున్నాడు, జనాన్ని భయపెట్టడమే అతని అసలు శాపం అనే భావంతో.

వినడానికి బాగున్న ఆ మాటల్లో ఒక మోసం ఉంది, అది రచయితలకు కూడా తెలియకుండా జరిగి ఉండవచ్చు. లాన్స్ విషయంలో గుంపు చేసినది నైతికమైన తప్పు. వీధిలో గుంపు చేసినది, ఆ మాటల ప్రకారం, వ్యూహపరమైన తప్పు మాత్రమే: బలంతో చావని వాడిని బలంతో చంపబోయారు. మొదటి దానికి శిక్ష, పశ్చాత్తాపం, సంజాయిషీ కావాలి. రెండవ దానికి ఇంకా పెద్ద ఆయుధం దొరికితే చాలు. సినిమా మొదటిదాన్ని ఎత్తుకుని రెండవదానితో ముగించింది. ప్రేక్షకుడు బయటికి వస్తూ ‘అతన్ని ఎలా చంపాలి’ అని ఆలోచిస్తాడు తప్ప లాన్స్ గురించి ఆలోచించడు. టామీ కూడా ఆ రాత్రే చనిపోవడంతో జవాబు చెప్పవలసిన మనిషి లేకుండా పోయాడు.

మూకహింస మీద నిలబడిన చిత్రాలన్నిటికీ ఒక ఉమ్మడి అవసరం ఉంటుంది: మరునాటి ఉదయం. ఫ్రిట్జ్ లాంగ్ 1936లో తీసిన ‘ఫ్యూరీ’లో జైలుకు నిప్పుపెట్టిన ఊరిజనం కోర్టులో తమ మీద తీసిన వార్తాచిత్రాన్నే చూడవలసి వస్తుంది. అంతవరకు అమాయకంగా బొంకుతున్నవాళ్లు తెరమీద తమ ముఖాలను చూసుకుని కుంగిపోతారు. విలియం వెల్‌మన్ 1943 నాటి ‘ది ఆక్స్‌బో ఇన్సిడెంట్’లో ముగ్గురిని ఉరితీసిన తరువాత, ఎవరి హత్యకు ప్రతీకారంగా తీశారో ఆ మనిషి బతికే ఉన్నాడని తెలుస్తుంది, చివరికి బారులో అందరూ తలవంచుకుని నిలబడి ఉండగా చనిపోయినవాడి ఉత్తరం చదువుతారు. ఆ రెండింటిలోనూ హింస ఘట్టం కంటే దాని తరువాతి నిశ్శబ్దం బరువైనది. ‘హాలోవీన్ కిల్స్’ కథ అంతా ఒకే రాత్రిలో జరుగుతుంది, దానికి మరునాడు లేదు. గుంపును హంతకుడే చంపేయడం రచయితలకు దొరికిన అతి సులువైన తీర్పు. న్యాయమూర్తి పని రాక్షసుడి చేత చేయించడమన్నమాట. దానివల్ల గుంపు మళ్లీ బాధితుల జాబితాలో చేరిపోయింది.

భయం సంగతికి వస్తే సినిమా ఇంకా నిలకడగా ఉంది. చేతిలో ఆయుధం ఉన్న భయస్తుడు ఈ చిత్రంలో ప్రతిసారీ తనకో, తనవారికో హాని చేసుకుంటాడు. హాకిన్స్ గుండు సహచరుడికి తగులుతుంది. ఆటస్థలం దగ్గర మేరియన్ తుపాకీ పేల్చబోతే అందులో గుళ్లు అయిపోయి ఉంటాయి. అక్కడే వెనెస్సా అనే మరో ఊరి మనిషి కారు దిగుతూ కాల్చబోతే మయర్స్ తలుపును తన్నడంతో ఆ దెబ్బకు తుపాకీ ఆమె మీదే పేలుతుంది. ఇవి వేరువేరు చోట్ల చెదరి ఉండటం వల్ల చాలామంది గమనించరు, కానీ లాన్స్ ఘట్టానికి పునాది వేసేవి ఇవే: భయపడినవాడు గురిపెట్టలేడు. ఒక వ్యక్తి స్థాయిలో మూడుసార్లు చూపించి, ఆ తరువాత ఊరి స్థాయిలో చూపించారు. రచనలో ఇది మంచి పనితనం.

ఇక లోరీ. 2018 భాగం చివర ఆమెకు కడుపులో కత్తిపోటు పడింది, ఈ కథ అదే రాత్రి కొనసాగుతుంది కాబట్టి ఆమె పరుగులు తీస్తే నమ్మలేం. అది పైకి కనిపించే కారణం. అంతకంటే ముఖ్యమైనది హాకిన్స్ నోట వస్తుంది: మయర్స్ ఆమె కోసం రాలేదు, ముందటి భాగంలో కూడా అతని వైద్యుడు డాక్టర్ సార్టైన్ తీసుకురావడం వల్లే ఆమె దగ్గరకు చేరాడు, అతను వెళ్తున్నది తన పాత ఇంటికి. నలభై ఏళ్లుగా తుపాకులు కూడబెట్టి, ఇంటిని కోటగా మార్చి, కూతురి బాల్యాన్ని పాడుచేసిన మనిషికి, ఆ శత్రువు ఆలోచనలో తాను ఎన్నడూ లేనేలేనని తెలియడం ఎంతటి దెబ్బ! ఈ ఇద్దరూ ఈ సినిమాలో ఒక్కసారి కూడా ఎదురుపడరు. చాలామంది అభిమానులకు అది కోపం తెప్పించింది, నాకు మాత్రం భయం గురించి ఈ సినిమా చెప్పిన అత్యంత నిజమైన మాట అదే అనిపిస్తుంది. భయపడ్డ మనిషి తనను కేంద్రంగా పెట్టుకుని కథ అల్లుకుంటాడు. టామీ అల్లుకున్నాడు, ఊరంతా అల్లుకుంది. శత్రువుకు మాత్రం ఏ కథా లేదు, దారిలో ఎదురైన తలుపులు తెరుచుకుంటూ ఇంటికి నడిచిపోతున్నాడు. లోరీని మంచం మీద ఉంచకపోతే ఈ ఎడం కనబడేది కాదు. ఆ సంభాషణలు పొడవుగా, కొంత ఉపన్యాస ధోరణిలో ఉన్నమాట నిజం. నా చేతిలో ఉంటే సగం కత్తిరించేవాడిని. లోరీగా నటించిన జేమీ లీ కర్టిస్ ముఖం చెప్పగలిగినదాన్ని మాటలతో రెండోసారి చెప్పించనవసరం లేదు.

మరునాటి ఉదయం లేదన్నాను కదా, దాన్ని 2022లో వచ్చిన ‘హాలోవీన్ ఎండ్స్’ కొంతవరకు తీర్చబోయింది. కథ నాలుగేళ్లు ముందుకు జరుగుతుంది. ఒక పిల్లవాడి మరణానికి అనుకోకుండా కారణమైన కోరీ అనే యువకుడిని ఊరు వెలివేసినట్టు చూస్తుంది. లోరీని నిందించేవారూ ఉంటారు. హంతకుడు కనబడనప్పుడు గుంపు తన భయాన్ని ఎవరి మీద పెడుతుందన్న ప్రశ్నకు అది సమాధానం, లాన్స్ కథకు ఆలస్యంగా వచ్చిన కొనసాగింపు. చివరికి మయర్స్ శవాన్ని కారు మీద కట్టి, ఊరంతా వాహనాల్లో ఊరేగింపుగా వెంట వెళ్లి, పాత కార్లను తుక్కు చేసే యంత్రంలో వేస్తారు. గుంపు మళ్లీ వచ్చింది, ఈసారి మౌనంగా, పోలీసుల సమక్షంలో. ఆ దృశ్యం కొందరికి ఊరటగా అనిపించింది, నాకు కొంత అసౌకర్యంగా ఉంది. తప్పు మనిషి మీద పడిన గుంపును ఖండించి, సరైన శవం మీద పడిన గుంపును ఆశీర్వదిస్తే, మనకు అభ్యంతరం గుంపు మీదా, గురి మీదా అన్న అనుమానం మిగిలిపోతుంది.

మళ్లీ చూడాలనుకుంటే 105 నిమిషాల థియేటర్ రూపాన్నే ఎంచుకోండి. తరువాత విడుదలైన పొడిగించిన రూపంలో, మయర్స్ కేరెన్‌ను చంపిన తరువాత లోరీ కూతురి ఫోనుకు కాల్ చేసి, అవతలి నుంచి అతని ఊపిరి విని, కత్తి పట్టుకుని బయలుదేరుతుంది. ఒక్కసారిగా కథ మళ్లీ ఇద్దరి మధ్య పగగా మారిపోతుంది. అతను ఆమె కోసం రాలేదని అంతసేపు కష్టపడి చెప్పినదాన్ని ఆ ఒక్క ఫోను కాల్ తుడిచేస్తుంది. థియేటర్ రూపంలో కేరెన్ మయర్స్ ఇంటి పైగదిలో, అతని అక్క కిటికీ ముందు నిలబడి బయటికి చూస్తూ చనిపోతుంది, లోరీ అప్పటికీ ఆసుపత్రిలోనే ఉంటుంది. కథకు ఆ ముగింపే సరిపోతుంది.